పేరు చరణం

మా హెబ్రోను చర్చిలో పాటల పుస్తకాలు ఉండేవి కావు. నేను పుట్టకముందు వచ్చిన పెద్ద తుఫానులో చర్చి కప్పూ, పుస్తకాలూ కలిసి కొండ కిందికి పోయాయట. కప్పు మళ్ళీ వేయించారు. పుస్తకాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అప్పటి పెద్దల్లో చదువు వచ్చినవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళకి కళ్ళు ఆనేవి కావు. అందుకని ఒక మనిషి ముందు నిలబడి పాటలో ఒక్కొక్క పాదం గబగబా చెప్పేది. సంఘమంతా ఆ పాదం అందుకుని, సాగదీసి, తలా ఒక మలుపు తిప్పి, కప్పు రేకులు అదిరేటట్టు పాడేది. దీన్ని మేము పాట అందించడం అంటాము. కొండ కింది చర్చిలు పియానోలు కొనుక్కుని ఈ పద్ధతి ఎప్పుడో వదిలేశాయి. మావాళ్ళు వదలలేదు సరికదా, పియానో పెట్టుకున్నవాళ్ళని చూసి జాలిపడేవారు.

పాట అందించే మనిషికి ఉన్న పట్టు పాస్టరుకు కూడా ఉండదు. పాస్టరు చెప్పింది జనం వింటే వింటారు, లేకపోతే కునుకు తీస్తారు. అందించిన పాదం మాత్రం ఎవరి నోట్లోకైనా వెళ్ళి తీరుతుంది. "అందిన మాటను నేల మీద పడెయ్యకూడదే" అని మా అమ్మ మాకు చెంచా పట్టుకోవడం నేర్పిన వయసులోనే నేర్పింది. అక్కడ పెరిగినవాళ్ళకి అది బుర్రతో పని లేని సంగతి. పాదం చెవిన పడుతుంది, నోరు తెరుచుకుంటుంది. అర్థం ఇంటికి పోయాక, తీరిక ఉంటే చూసుకోవచ్చు.

నా చిన్నప్పటి నుంచీ ఆ పట్టు సిస్టర్ యుఫీమియా చేతిలో ఉండేది. సంఘానికి పెద్ద అయిన డీకన్ క్లోవిస్ స్వాబీగారి భార్య ఆవిడ. ఆయన పొడుగు, మాట మెత్తన. ఆవిడ పొట్టి, గొంతు గట్టి. ఆవిడ నా శత్రువు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు హాయిగా ఉంటుంది.

మా అక్క అయోనీ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అది ముంగిట్లో పిమెంటో మసాలా గింజలు ఎండబోస్తూ పాడుకుంటుంటే దారిన పోయేవాళ్ళు గాడిదల్ని ఆపుకుని నిలబడేవారు. పద్దెనిమిదో ఏట దానికి కడుపు వచ్చింది. మా చర్చి కట్టుబాటు ప్రకారం దాన్ని వెనక బల్ల మీదికి పంపించారు. వెనక బల్ల అంటే తలుపు పక్కన, విరిగిన కాలి కింద ఇటుక పెట్టిన బల్ల. దాని మీద కూర్చున్నవాళ్ళకి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ఎవరూ పలకరించరు. అక్కను అక్కడికి పంపిన తీర్మానాన్ని సంఘానికి చదివి వినిపించినాయన డీకన్ క్లోవిస్. అక్క కడుపులో ఉన్నది ఆయన బిడ్డే.

ఒక ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ అక్క వెనక బల్ల మీంచి లేచింది. సాక్ష్యం చెప్పే హక్కు వెనక బల్లవాళ్ళకి కూడా ఉంది. "సంఘానికి ఒక మాట చెప్పాలి. ఈ బిడ్డకి తండ్రి" అంది. అంతవరకే. ముందు వరసలోంచి యుఫీమియా లేచి ఒక పాదం అందించింది. సంఘం అందుకుంది. అక్క ఆ చరణం అయ్యేదాకా ఆగి మళ్ళీ నోరు తెరిచేలోగా రెండో చరణం వచ్చి పడింది. ఏడు చరణాల పాట అది. ఏడూ అయ్యాక మళ్ళీ మొదటిది మొదలుపెట్టింది. అక్క చివరికి అరిచింది కూడా. అంతమంది పాడుతుంటే ఒక ఆడపిల్ల అరుపు ఏపాటిది. మా అమ్మ కళ్ళ నీళ్ళు కారుస్తూ పాడింది. పాడటం మాత్రం ఆపలేదు. నేను పాడలేదు. అదేమీ నా గొప్ప కాదు, నోట్లో అమ్మ పెట్టిన అల్లం బిళ్ళ ఉంది.

అక్క కూర్చున్నాకే ఆ పాట ఆగింది.

మర్నాడు అక్క సంతకు పోయే లారీ ఎక్కి కింగ్‌స్టన్ పట్నం వెళ్ళిపోయింది. బిడ్డ పుట్టాడు, పెరిగాడు, ఇప్పుడు అక్కడే బస్సు నడుపుతున్నాడు. మొహం అచ్చు డీకన్ మొహమే. అక్క రేవు దగ్గర చిన్న భోజన హోటలు పెట్టుకుని నిలదొక్కుకుంది. ఒళ్ళు చేసింది, నవ్వడం మళ్ళీ వచ్చింది, నాలుగు మాటలనడం మళ్ళీ వచ్చింది. పాట ఒక్కటి రాలేదు. చర్చి మాట వదిలేయండి, గిన్నెలు తోముకుంటూ కూడా ఒక కూనిరాగం తీయదు. ఒకసారి అడిగితే, "నోరు తెరిస్తే వాళ్ళందరి గొంతులూ వినపడతాయే" అంది.

డీకన్ చేసింది చిన్న పాపమని నేననను. కాని అలాంటి పాపం చేసే మగవాళ్ళు ప్రతి కొండ మీదా ఉన్నారు. యుఫీమియా చేసింది వేరు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఆవిడకి తెలుసు. తెలిసే మా అందరి గొంతులూ, మా అమ్మ గొంతుతో సహా, తీసుకుని మా అక్క నోట్లో కుక్కింది. అందుకే నాకు డీకన్ని తిట్టి ఊరుకుంటే చాలదనిపించింది. అక్కని చెప్పనివ్వని ఆ పేరు యుఫీమియా నోటితోనే, నిండు సంఘంలో, పాడించాలి. ఆ కోరిక అల్లం బిళ్ళ కరగకముందే పుట్టిందంటే మీరు నమ్మరు. కొంచెం పెద్దయ్యాక పుట్టింది.

అందుకు దారి ఒక్కటే. పాట అందించే చోటు నాకు రావాలి.

పదహారేళ్ళప్పుడు యుఫీమియా ఇంటికి వెళ్ళి, "నాకు నేర్పండి అమ్మగారూ" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"డేక్రస్‌వాళ్ళ పిల్లవి కదూ? మీ ఇంట్లో గొంతులుంటాయి, బుద్ధులే ఉండవు."

"బుద్ధి కూడా మీ దగ్గరే నేర్చుకుందామని వచ్చానండి" అన్నాను. ఆవిడకి ఆ జవాబు నచ్చింది. పొగడ్త ఎక్కడున్నా ఏరుకునే మనిషి.

ఎన్నేళ్ళు తిరిగానో లెక్క పెట్టుకోలేదు. ఆవిడ చేతిసంచీ మోశాను. టోపీలకి రిబ్బన్లు కుట్టాను. ఆదివారం పొద్దున్నే గొంతుకి నిమ్మరసం, తేనె కలిపి పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. అందులో ఇంకేమైనా కలపాలని ఎప్పుడూ అనిపించలేదా అంటే, అనిపించింది. కాని చచ్చినవాళ్ళు పాడరు. నాకు ఆవిడ పాడటం కావాలి.

నేర్పడంలో మాత్రం ఆవిడకి వంక పెట్టలేను. పెరట్లో బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కింద నన్ను నిలబెట్టి ఒక్కొక్క పాదం చెప్పించేది.

"అరవడం కాదే అందించడమంటే. వాళ్ళు పాడుతున్న పాదం తోక ఇంకా గాల్లో ఉండగానే తర్వాతి పాదం నోట్లో పడాలి. సందివ్వకూడదు. సందిచ్చావో, సగం మంది ఆలోచించుకుంటూ మూసుకు కూర్చుంటారు."

"మరి అర్థం తెలియొద్దా అమ్మగారూ?"

"అర్థం దేవుడికి తెలుస్తుందిలే. నువ్వు సందివ్వకు."

ఆ ముక్క నేను గుండెల్లో రాసుకున్నాను.

ఆవిడ గొంతు డెబ్భై దాటాక పాడైంది. పాడగలదు, అందించలేదు. ఎడమ చెవి కూడా మందగించింది. ఒక ఆదివారం సంఘం ముందు నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఇక ఈ పిల్ల అందిస్తుంది" అని చెప్పింది. అప్పటికి నాకు ముప్పై ఎనిమిది, పిల్లనేమీ కాదు. ఆ రాత్రి ఆరాధనలోనే అన్నీ తేల్చేయాలనుకున్నాను గాని అమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"నేనున్నంత కాలం చర్చిలో అల్లరి పెట్టకు ఆల్వీరా" అంది.

"వాళ్ళు పెట్టిందేమిటమ్మా మరి?"

"నేనూ పాడాను కదే ఆ రోజు. నేను పోయాక నీ ఇష్టం."

అమ్మ కిందటి వానల్లో పోయింది. సమాధి దగ్గర పాట నేనే అందించాను. యుఫీమియా నా పక్కనే నిలబడి పాడింది. కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. ఆవిడ కన్నీళ్ళు చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు కోత పండుగ ఆదివారం నాడు డీకన్‌కి సన్మానం చేయాలని సంఘం తీర్మానించింది. ఆయన డీకన్ అయి నలభై ఏళ్ళట. పేరు చెక్కిన మహాగని చెక్క పలక ఒకటి చేయించారు, గోడకి కొట్టడానికి. ఇలాంటి రోజున మాకొక ఆచారం ఉంది. పాట అంతా అయ్యాక, పాట అందించే మనిషి ఆ సన్మానం పొందేవాళ్ళ మీద సొంతంగా ఒక చరణం కట్టి అందిస్తుంది. దాన్ని పేరు చరణం అంటాము. చివరి పాదంలో ఆ మనిషి పేరు వస్తుంది. ఆ పాదాన్ని రెండుసార్లు పాడతారు. కట్టిన చరణాన్ని ముందుగా ఎవరికీ వినిపించకూడదు, పాస్టరుకు కూడా. వినిపిస్తే ఆ దీవెన చెడిపోతుందని నమ్మకం. జనం పొద్దున్నించీ ఆ పేరు కోసమే ఎదురుచూస్తారు. వచ్చిందంటే కొండ కిందికి వినపడేటట్టు పాడతారు.

సన్మానం సంగతి తెలిసిన వారంలోనే నేను కింగ్‌స్టన్ వెళ్ళాను. అక్క హోటల్లో మధ్యాహ్నం రద్దీ తగ్గింది. కొబ్బరిపాలు పోసి కందులతో వండిన అన్నం, మేకమాంసం కూర నా ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుంది. నేను అనుకున్నదంతా చెప్పాను.

"నాకెందుకే ఇప్పుడు ఇదంతా" అంది. "మోకాళ్ళ నొప్పులతో చస్తున్నాను. పగ పట్టే ఓపిక లేదు నాకు."

"నీకు ఓపిక లేకపోతే నాకుంది. వద్దంటే చెప్పు, మానేస్తాను."

అక్క బల్ల మీది మెతుకులు ఏరి గిన్నెలో వేసింది. "ఆవిడ ఇంకా ముందు వరసలోనే కూర్చుంటుందా?" అని అడిగింది.

"అక్కడే."

"గొంతుందా?"

"అందించలేదు గాని, పాడుతుంది. అందరికంటే పైన పాడుతుంది."

"అన్నం చల్లారిపోతోంది, తిను" అంది అక్క. కూర ఇంకొంచెం వడ్డిస్తూ, "నా పేరు కూడా పెట్టు అందులో. ఎవరి గురించో అనుకోకుండా" అంది.

పండుగ ముందు రోజు యుఫీమియా మా ఇంటికి వచ్చింది. చిలగడదుంప పుడ్డింగు తెచ్చింది, లంచంలా. వసారాలో కూర్చుని టోపీతో విసురుకుంటూ నన్ను కదిపి చూసింది.

"చరణం కట్టావా?"

"కట్టానండి."

"ఎలా ఉంది?"

"చెప్పకూడదు కదండీ. మీరే నేర్పారు."

"అబ్బో, గురువుకే పాఠాలు. సరే, చెప్పకు. ఒక్కటి మాత్రం చూసుకో. పేరు చివరికి పెట్టుకుని నసుగుతావేమో. పాదం మొదట్లోనే పెట్టు. మా ఆయన పేరు గట్టిగా వినపడాలి. నేను ఈ వారమంతా గొంతు దాచుకుంటున్నాను, రేపు దాని కోసమే."

"మొదట్లోనే వస్తుందండి. మీకు వినపడకపోతే అప్పుడు అడగండి."

ఆవిడ తృప్తిగా నవ్వింది. లేచి వెళ్ళిపోతూ మెట్ల మీద ఆగింది. "పాపం, మీ అక్క ఉండుంటే రేపు ఎంత బాగా పాడేదో. ఏం చేస్తాం, చేజేతులా పాడు చేసుకుంది" అంది.

నేను పుడ్డింగు పందులకి వేశాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. స్తంభాలకి చెరుకు గడలు కట్టారు. ముందు బల్ల మీద పెండలం, అరటి గెలలు, గుమ్మడికాయలు గుట్టగా పోశారు. బయట పెద్ద డేగిసాలో మేకతలకాయ సూపు కాగుతోంది, ఆ వాసనకి ప్రార్థనలు కాస్త చిన్నవయ్యాయి. నాలుగు చర్చిలకి ఒక్కడే అయిన కుర్ర పాస్టరు హెడ్లీగారు ఆ రోజు మా దగ్గరికే వచ్చారు. డీకన్ క్లోవిస్‌ని సంఘానికి ఎదురుగా, మెత్త వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. కోటుకి ఎర్ర పువ్వు. ఆయన పాదాల దగ్గర పలక, ఇంకా గుడ్డ కప్పి ఉంది. యుఫీమియా ముందు వరసలో పసుపుపచ్చ టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

డీకన్ లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. "ఈ కొండ మీద ఎవరికీ నేను కీడు చేసి ఎరగను" అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. ఈ మాటలో నేనేమీ కల్పించలేదు.

అప్పుడు నన్ను లేవమన్నారు. కోత పాట అందించాను. మూడు చరణాలు, అందరికీ వచ్చినవే. మూడోది అయ్యేసరికి జనం లేచి నిలబడ్డారు. పేరు చరణం నిలబడే పాడాలి. యుఫీమియా కళ్ళు మూసుకుంది. ఆవిడకి అది అలవాటు. కళ్ళు మూసుకుంటే పాదం బాగా చెవిన పడుతుందనేది.

మొదటి పాదం అందించాను.

*నీ పొలమున విత్తువాడెవడో నీకు తెలియును*

కోత పండుగకి తగిన మాట. చక్కగా అందుకున్నారు. వెనక మగవాళ్ళు కింది శ్రుతిలో మోశారు. దాని తోక గాల్లో ఉండగానే రెండోది.

*పంట ఒడికి వచ్చినపుడు దాచుటెవరి తరమగును*

దీనికి ఇంకా ఊపు వచ్చింది. డీకన్ కూడా తల ఊపుతూ పాడుతున్నాడు. సందివ్వకూడదు, సందివ్వకూడదు అనుకుంటూ మూడోది వేశాను.

*అయోనీ ఒడిలో బిడ్డకు తండ్రి ఎవరని అడుగగా*

అందుకున్నారు. దేవుడి సాక్షిగా, అందరూ అందుకున్నారు. అక్క వెళ్ళిపోయాక ఆ చర్చిలో ఎవరూ పలకని పేరు అంతమంది నోళ్ళలోంచి ఒక్కసారిగా వచ్చింది. నడుమ ఒకళ్ళిద్దరి గొంతులు తడబడ్డాయి. నేను చూస్తూ ఊరుకోలేదు. వాళ్ళు పాదం పూర్తి చేసేలోపే దాని మీద నాలుగోది పడేశాను.

*క్లోవిస్ అని మేము పాడెదము, నీవు వినుము ప్రభువా*

పొద్దున్నించీ నాలుక మీద పెట్టుకుని ఉన్న పేరు. చెవిన పడగానే ఎత్తుకున్నారు. చెరుకు గడల ఆకులు కదిలాయి. డీకన్ నోరు తెరిచే ఉంది గాని అందులోంచి శబ్దం రావడం లేదు. పాడుతున్నవాళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం నాకు కనిపించింది. అర్థం అప్పుడే ఒక్కొక్కరికీ చేరుతోంది. పాదం సగంలో కొందరు ఆగారు, చివరికొచ్చేసరికి ఇంకా కొందరు.

ఆచారం ప్రకారం ఆ పాదం రెండోసారి అందించాలి. అందించాను.

రెండోసారి ఒక్క గొంతే పాడింది. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, వారమంతా దాచుకున్న గొంతంతా పెట్టి, యుఫీమియా ఒక్కత్తే పాడింది. క్లోవిస్ అని మేము పాడెదము. ఆ పేరుని సాగదీసి, పైకి తీసుకెళ్ళి, ఆవిడకి మాత్రమే వచ్చిన మలుపు ఒకటి తిప్పి కిందికి దింపింది. నీవు వినుము ప్రభువా. బాగా పాడింది. ఆవిడ అంత బాగా పాడటం నేనెప్పుడూ వినలేదు.

పక్కన ఎవరి గొంతూ లేదని తెలిసి కళ్ళు తెరిచింది. మొగుడి మొహం చూసింది. పెదవులు కదిలాయి, పాడిన పాదాలు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి చెప్పుకుంటున్నట్టు. మూడో పాదం దగ్గర ఆగిపోయాయి.

తర్వాత ఆవిడ చేసింది ఆవిడకి తెలిసిన పని. సంఘం వైపు తిరిగి పాత పాట, మా అక్కని కూర్చోబెట్టిన ఏడు చరణాల పాట, మొదటి పాదం అందించింది. గొంతు బొంగురుపోయింది గాని మాట స్పష్టంగానే ఉంది. ఒక్కరు కూడా అందుకోలేదు. మళ్ళీ అందించింది. అందరూ పెదవులు బిగించుకుని నిలబడ్డారు. నోరు తెరిస్తే ఇంకేం పాడేస్తామోనని భయం. ఆవిడ పాదం మా కళ్ళ ముందే నేల మీద పడింది.

"ఆ ఆదివారం మా అక్క చెప్పాలని లేచింది ఇదే" అన్నాను నేను. "మీరు చెప్పనివ్వలేదు. అందుకని పాడించాను." అని నా చోట కూర్చున్నాను.

పాస్టరుగారు ఏదో ప్రార్థన చేసి ముగించారు. డీకన్ పక్క తలుపు గుండా వెళ్ళిపోయాడు. పలక మీది గుడ్డ ఎవరూ తీయలేదు. సూపు మాత్రం తాగారు.

బయట వృద్ధుడు యుస్టెస్ నన్ను ఆపాడు. "నా నోటితో ఎంత మాట పాడించావే" అన్నాడు.

"కొత్తేముంది బాబాయ్. అప్పుడు కూడా ఎవరో పాడిస్తేనే పాడారుగా" అన్నాను. ఆయన టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడిపోయాడు. జాలి వేయలేదు నాకు.

ఆ వారంలోనే సంఘం కూడింది. పాస్టరుగారు నన్ను పిలిచి, "ఆరాధనలో పాటని ఆయుధం చేశారు సిస్టర్" అన్నారు.

"ఆయుధం చేసింది నేను కాదండీ. చేసినావిడ దగ్గర నేర్చుకున్నాను."

శిక్ష తప్పలేదు. నన్ను వెనక బల్ల మీదికి పంపించారు. అదే బల్ల, అదే ఇటుక. డీకన్ ఆ తర్వాత చర్చికి రాలేదు, నడుం నొప్పి అంటున్నారు. పలక సామాన్ల గదిలో ఉంది.

ఇంకొకటి కూడా జరిగింది. పట్నం నుంచి పాటల పుస్తకాలు తెప్పించారు. ఇప్పుడు మా చర్చిలో పాట అందించేవాళ్ళు లేరు. ఎవరేం అందించినా ఎవరూ అందుకోరు. పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని, ఆ వరస మొత్తం ముందు చదివి, తర్వాత నోరు తెరుస్తారు. పాట పలచబడిపోయింది. కప్పు రేకులు అదరవు. తాతల నాటి పద్ధతిని నేను చంపేశానని అంటున్నారు. నిజమే, చంపాను. అమ్మ ఉంటే ఏడ్చేది. నాకూ కొన్ని ఆదివారాలు ఆ పాత చప్పుడు కోసం ప్రాణం కొట్టుకుంటుంది. కాని నోరు తెరిచే ముందు ఒకసారి చూసుకోవడం వీళ్ళకి మా అక్క లేచిన రోజున వచ్చి ఉంటే, ఆ పద్ధతి ఇంకా బతికే ఉండేది.

వెనక బల్ల మీంచి నాకు యుఫీమియా మెడ, ఒక పక్క దవడ కనిపిస్తాయి. ఆవిడ ఒక్క ఆదివారం మానలేదు, అంత పట్టుదల ఉంది మనిషికి. ముందు వరసలోనే కూర్చుంటుంది. కళ్ళజోడు పెట్టుకుంటుంది. పుస్తకం తెరిచి సరైన పేజీ పట్టుకుంటుంది. పాట మొదలవుతుంది, అందరూ లేస్తారు, ఆవిడా లేస్తుంది. నోరు తెరవదు. దవడ ఎముక కదలనే కదలదు. తన నోటి మీద తనకి నమ్మకం పోయింది. రొట్టె, ద్రాక్షరసం నాకు ఇవ్వరు. ఆ కదలని దవడ చూస్తే నాకు వారానికి సరిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేస్తుంది. క్షేమం అడగదు, ఎండో వానో అడగదు.

"ఈవేళ పాడిందా?"

"లేదు."

"ఒక్క ముక్క కూడా?"

"దవడ కూడా కదపలేదు."

"మంచిది" అంటుంది. "వచ్చే వారం కూడా చూడు."

కిందటి ఆదివారం ఆ మాట అన్నాక ఫోను పెట్టేయడం మరిచిపోయింది. అవతల కుళాయి తిప్పిన చప్పుడు, గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టిన చప్పుడు. దాని మధ్యలోంచి సన్నగా ఒక రాగం. మొదట రేడియో అనుకున్నాను. ఏడు చరణాల పాట అది, మొదటి చరణం. అక్క గిన్నెలు తోముకుంటూ పాడుకుంటోంది. నేను ఫోను చెవికి ఆనించుకుని ఏడు చరణాలూ విన్నాను. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు.